అల్యూమినా గొట్టం మీద కార్బన్ పొర: నైట్రోజన్ కూడా దూరిపోతోంది, తప్పెక్కడ?

నల్లపొర
అందరికీ నమస్కారం. నాలుగు నెలలుగా దీంతోనే కుస్తీ పడుతున్నాను, ఇక బుర్ర పనిచేయక ఇక్కడ రాస్తున్నాను. హైడ్రోజన్ వేరు చేయడానికి ఆల్ఫా అల్యూమినా గొట్టం మీద కార్బన్ మెంబ్రేన్ (వాయువుల్ని జల్లెడలా వేరుచేసే పలచటి పొర) చేస్తున్నా. గొట్టం బయటి వ్యాసం 10 మి.మీ., పొడవు 10 సెం.మీ., బయటి సన్నపొరలో రంధ్రాలు 200 నానోమీటర్లు. హెక్సామిన్ (గట్టిపరిచే మందు) కలిపిన నోవోలాక్ అనే ఫీనాలిక్ రెసిన్ ద్రావణంలో ముంచి తీసి, ఆరబెట్టి, నైట్రోజన్‌లో 650 డిగ్రీల వరకు కాల్చి, అక్కడ గంటసేపు ఉంచుతున్నా. నిమిషానికి 5 డిగ్రీల చొప్పున వేడి పెంచుతా.

బయటికి తీస్తే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నల్లగా అద్దంలా మెరుస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే 3 మైక్రాన్ల పొర, ఎక్కడా పగులు లేదు. కానీ హైడ్రోజన్/నైట్రోజన్ సెలెక్టివిటీ, అంటే హైడ్రోజన్ నైట్రోజన్ కంటే ఎన్ని రెట్లు దాటుతోందనేది, 3.1 దగ్గరే ఆగిపోతోంది! 600, 700, 750 డిగ్రీలు అన్నీ చూశా, 2.8కీ 3.3కీ మధ్యనే ఊగుతోంది. 800కి వెళ్లమంటారా? ఫర్నేస్ పాడవుతుందేమో అని కాస్త టెన్షన్‌గా ఉంది.

లెక్కలపిచ్చి
ఫర్నేస్ జోలికి వెళ్లకండి ముందు. మీ 3.1 అనే అంకెలోనే సగం జవాబు ఉంది.

సన్నటి రంధ్రాల్లో అణువులు గోడలకు తగులుతూ వెళ్లే నుడ్సెన్ ప్రవాహమైతే సెలెక్టివిటీ అణుభారాల నిష్పత్తికి వర్గమూలం, అంటే 28ని 2తో భాగించి వర్గమూలం తీస్తే 3.74. రంధ్రం ఇంకా పెద్దదై వాయువు మామూలు పైపులో పారినట్టు పారితే స్నిగ్ధతల నిష్పత్తి మాత్రమే మిగులుతుంది, హైడ్రోజన్ స్నిగ్ధత నైట్రోజన్‌లో సుమారు సగం కాబట్టి అది 2. మీది ఆ రెండింటి మధ్య ఉంది. హైడ్రోజన్ అణువు 2.89 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు), నైట్రోజన్ 3.64. ఆ తేడాని పట్టే జల్లెడ మీ కార్బన్‌లో ఉందో లేదో ఈ కొలతలో అసలు కనిపించే అవకాశమే లేదు, ఎందుకంటే గ్యాస్ దాదాపు అంతా పక్కదారిన పోతోంది.

రెండు కొలతలు చెప్పండి. నైట్రోజన్ పర్మియెన్స్ (ఒక్కో బార్ పీడనం తేడాకి ఎంత గ్యాస్ దాటుతోందో) 1, 2, 3 బార్ గేజ్ దగ్గర, అంటే వాతావరణ పీడనానికి పైన అన్ని బార్‌ల దగ్గర, ఎంతెంత? కార్బన్ డయాక్సైడ్/నైట్రోజన్ ఎంత?

నల్లపొర
ఇప్పుడే కొలిచా. 1 బార్ దగ్గరిది 100 అనుకుంటే 2 బార్‌కి 112, 3 బార్‌కి 125. కార్బన్ డయాక్సైడ్/నైట్రోజన్ 0.95. బయటి వైపు వాతావరణ పీడనమే.

లెక్కలపిచ్చి
సరిగ్గా సరిపోయింది. పీడనం పెంచితే పర్మియెన్స్ పెరగడం అంటే పెద్ద రంధ్రం ఉన్నట్టే, జల్లెడలా పనిచేసే కార్బన్‌లో నైట్రోజన్‌కి అలా జరగదు. లెక్కేస్తే 1 బార్ దగ్గర మీ నైట్రోజన్‌లో మూడో వంతుకు పైగా అలా పైపులో పారినట్టు పారుతోంది, మిగతాది నుడ్సెన్. కార్బన్ డయాక్సైడ్ 3.3 ఆంగ్‌స్ట్రామ్‌లే, పైగా కార్బన్‌కి అతుక్కునే రకం. మంచి పొరలో అది నైట్రోజన్ కంటే ఎన్నో రెట్లు దాటాలి. మీకు ఒకటి కూడా లేదు.

ఒక సంగతి అందరూ తక్కువ అంచనా వేస్తారు. పొర అంతా బ్రహ్మాండంగా ఉండి సెలెక్టివిటీ 100 ఉందనుకోండి. హైడ్రోజన్ వంద పాళ్లు పోతే నైట్రోజన్ ఒక్క పాలు. ఇప్పుడు ఎక్కడో ఒక్క పిన్‌హోల్ ఇంకో పాలు నైట్రోజన్‌ని వదిలితే చాలు, 100 కాస్తా 50 చిల్లరకి పడిపోతుంది. హైడ్రోజన్ కొలతలో ఆ తేడా కంటికి కూడా ఆనదు.

కొత్తబ్యాచ్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పిన్‌హోల్సే సమస్య అయితే పైన సిలికోన్ రబ్బరు పూసేస్తే మూసుకుపోవా? పాలిమర్ మెంబ్రేన్లకి అలాగే చేస్తారని మా క్లాసులో చెప్పారు.

లెక్కలపిచ్చి
చేస్తారు, హెనిస్, ట్రిపోడీ మాన్‌సాంటో కంపెనీలో ఉండగా కనిపెట్టిన కిటుకు అది, అమ్మోనియా ప్లాంట్ల పర్జ్ గ్యాస్ (బయటికి వదిలేసే వాయువు) నుంచి హైడ్రోజన్ తీసే మెంబ్రేన్లు దాంతోనే నిలబడ్డాయి. కానీ సిలికోన్ సన్నటి లోపాలకే మందు. ఈ 3.1 చూస్తుంటే ఇక్కడున్నది లోపం కాదు, వీధి గుమ్మం. ఇంకోటి, కార్బన్ మెంబ్రేన్ ఎంచుకునేదే పాలిమర్ తట్టుకోలేని వేడిలో నడపడానికి. 250 డిగ్రీల్లో నడపాల్సిన దానికి రబ్బరు మాస్కు వేస్తే ఆ మాస్కు ఎన్నాళ్లుంటుంది?

కొలిమిపక్కన
నిమిషానికి 5 డిగ్రీలు నా లెక్కలో చాలా దూకుడు. ఫీనాలిక్ రెసిన్ కార్బన్ అయ్యేటప్పుడు బరువులో దాదాపు సగం నీళ్లు, ఫీనాల్, మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ లాంటివై వెళ్లిపోతుంది. వెళ్లిపోగా మిగిలింది ముడుచుకోవాలి. విడి ఫిల్మ్ అయితే నాలుగు వైపులా ముడుచుకుంటుంది. గొట్టానికి అతుక్కున్న పొరకి ఆ వీలు లేదు, మందంలో మాత్రమే తగ్గగలదు, పక్కలకి లాగుడు అలాగే ఉండిపోతుంది. మందం ఎక్కువైతే అక్కడే చిట్లుతుంది. నేను 300 నుంచి 550 మధ్య నిమిషానికి 1 డిగ్రీ దాటను. మొత్తం రాత్రంతా పడుతుంది, పట్టనివ్వండి.

నైట్రోజన్ సిలిండర్‌కీ ఫర్నేస్‌కీ మధ్య ఆక్సిజన్ ట్రాప్ ఉందా? పదుల పీపీఎం ఆక్సిజన్ ఉన్నా రంధ్రాల సైజు మారుతుంది. మెంబ్రేన్ల పరిశోధకుడు కోరోస్ బృందం పాలీఇమైడ్ అనే పాలిమర్‌ని కాల్చి చేసిన కార్బన్ల మీద ఇదే చూపించింది, ఆక్సిజన్‌ని కావాలనే కొలిచి వదిలి రంధ్రాలను దిద్దారు. ఒక్కో సిలిండర్‌కి ఒక్కో రిజల్ట్ వస్తోందంటే నేను మొదట అనుమానించేది దాన్నే.

కానీ నిజం చెప్పాలంటే ఇవన్నీ 20ని 60 చేసుకునే సంగతులు. 3.1కి కారణం ఇవి కావు.

మట్టిగొట్టం
నేను సెరామిక్ వైపు మనిషిని, సపోర్టులు చేసే పనిలో చాలా ఏళ్లున్నా. ఈ రంగంలో అందరూ కార్బన్ గురించే మాట్లాడతారు, కింద గొట్టాన్ని సిమెంటు దిమ్మెలా చూస్తారు. నల్లపొర గారూ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో బుడగల పరీక్ష చేశారా? గొట్టం ఒక చివర మూసి, ఆల్కహాల్‌లో ముంచి పది నిమిషాలు నాననిచ్చి, లోపల్నుంచి నైట్రోజన్ మెల్లగా పెంచండి. బుడగ ఏ పీడనానికి వచ్చింది, ఎక్కడ వచ్చింది అనేది రాసుకోండి. ఫోటో కంటే చేతిరాత బొమ్మ మేలు.

నల్లపొర
చేశా. నాలుగు గొట్టాలు. మొదటిదానికి 0.3 బార్ కూడా రాకముందే ఒకే చోటి నుంచి పూసల దండలా సన్నగా బుడగలు, పై చివర నుంచి 4 సెం.మీ. దగ్గర. రెండోదానికి గ్యాస్ దూరకుండా గాజులాంటి గ్లేజ్ పూసిన చివర, గ్లేజ్ ఆగి అల్యూమినా మొదలయ్యే అంచు చుట్టూ. మూడోది 0.4 బార్, రెండు చోట్ల. నాలుగోది 3 బార్ దాకా ఏమీ రాలేదు, కానీ దాని సెలెక్టివిటీ కూడా 3.3 మాత్రమే, అదే మా దగ్గరున్న వాటిలో మంచిది.

అంటే కార్బన్‌లో 3 మైక్రాన్ల రంధ్రాలున్నట్టేనా? ఆల్కహాల్ తలతన్యత పెట్టి లెక్కేస్తే 0.3 బార్‌కి సుమారు అంతే వస్తోంది.

మట్టిగొట్టం
లెక్క కరెక్టే కానీ రంధ్రం కార్బన్‌లో అని ఎలా అన్నారు? ఆలోచించండి. కార్బన్‌కి చిల్లు పడినా దాని కింద 200 నానోమీటర్ల అల్యూమినా పొర ఉంది, అదీ ఆల్కహాల్‌తో తడిసే ఉంది. ఆ రంధ్రాల్లోంచి ఆల్కహాల్‌ని తోయాలంటే 4 బార్ పైనే కావాలి. 0.3 బార్‌కే బుడగ వచ్చిందంటే అక్కడ ఆ సన్న అల్యూమినా పొరే లేదు. కిందున్న ముతక అల్యూమినా రంధ్రం 3 మైక్రాన్ల దాకా ఉంటుంది, మీ అంకె దానికే సరిపోతోంది. గొట్టం తయారీలో ఒక పలుకు ఊడిపోయిందో, గాలిబుడగ పేలి గుంట పడిందో. దాని మీద మీరు బంగారం పూసినా అంతే.

ఇకనుంచి రెసిన్ పూయకముందే ఖాళీ గొట్టాలకి ఈ పరీక్ష చేయండి. నాలుగు నెలలు ఆదా.

రెండోది, గ్లేజ్ అంచు. గ్లేజ్ కాస్త ఎత్తుగా ఉంటుంది కదా, ముంచి తీసేటప్పుడు ఆ మెట్టు దగ్గర రెసిన్ చేరి మందంగా నిలుస్తుంది. కొలిమిపక్కన గారు చెప్పిన చిట్లడం మొదట జరిగేది అక్కడే. గ్లేజ్ అంచుని ఏటవాలుగా దిద్దుకోండి.

నల్లపొర
ఇది చదివాక కాసేపు అలా కూర్చుండిపోయా. నిజం చెప్తున్నా, ఖాళీ గొట్టాన్ని పరీక్షించాలని ఒక్కసారి కూడా తట్టలేదు. మరి నాలుగోదాని సంగతేంటి? బుడగ రాలేదు, అయినా 3.3.

మట్టిగొట్టం
అందులో గొట్టం బాగుంది, ఈసారి నిజంగానే కార్బన్‌లో చిల్లులు, కాకపోతే అవి కింది పొర వల్లే ఈ పరీక్షకి దొరకవు. 200 నానోమీటర్ల రంధ్రాలు రెసిన్‌కి పెద్దవే. ద్రావణం లోపలికి పీల్చుకుపోతుంది, ఒక చోట ఎక్కువ ఒక చోట తక్కువ, తక్కువైన చోట పొర పలచబడి కాలేటప్పుడు తెరుచుకుంటుంది. మధ్యలో గామా అల్యూమినా పొర వేయండి. బోయమైట్ సోల్‌లో (బోయమైట్ అనే అల్యూమినియం ఖనిజపు అతిసన్న రేణువులు కలిసిన నీళ్లలో) ముంచి, 600 దగ్గర కాలిస్తే 4-5 నానోమీటర్ల రంధ్రాలతో నునుపైన నేల తయారవుతుంది, రెసిన్ ఇక పైనే ఉంటుంది. అయితే ముందే చెప్తున్నా, గామా అల్యూమినాకి వేడి ఆవిరి పడదు. ఆవిరి ఎక్కువగా ఉండే పనికి ఇది వాడితే ఏడాది తిరిగేలోపు రంధ్రాలు పెద్దవై నేలే కుంగుతుంది.

కొలిమిపక్కన
దుమ్ము సంగతి ఎవరూ ఎత్తలేదు! మీ పొర 3 మైక్రాన్లు, గాల్లో ఎగిరే ఒక మామూలు దుమ్ము రేణువు 10 మైక్రాన్లు. పరుపు కంటే రాయి పెద్దది. మేము ముంచే గదిలో ఫ్యాన్ ఆపించి, ద్రావణాన్ని ఫిల్టర్ చేసి, ముంచిన గొట్టం మీద పెద్ద గాజు గొట్టం బోర్లించి ఆరబెడతాం. క్లీన్‌రూమ్ ఉంటే మంచిదే, లేనివాళ్లకి ఇది. ఒకేసారి మందంగా కాకుండా పలచగా రెండుసార్లు పూసి రెండుసార్లు కాల్చండి. మొదటి పొర చిల్లు మీదే రెండో పొర చిల్లు పడటం అరుదు.

పైకి లాగే వేగం కూడా చూడండి. లాండావ్, లెవిచ్ 1942లో ఇచ్చిన సూత్రం ప్రకారం తడిపొర మందం వేగం, చిక్కదనం లబ్ధానికి మూడింట రెండు ఘాతంలో పెరుగుతుంది. మెల్లగా లాగితే పలచన. చేత్తో లాగేవాళ్లకి నేను సలహా ఇవ్వను, మోటారు పెట్టుకోండి.

పాతవాల్వు
ఇన్నాళ్లూ చదివి ఊరుకున్నా, ఇప్పుడు ప్లాంటు మనిషిగా రెండు మాటలు. మీరు రేపు సెలెక్టివిటీ 500 తెచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న అది కాదు. పీడనాలెంత?

నా దగ్గర 10 బార్ గ్యాస్, అందులో హైడ్రోజన్ 10 శాతం అనుకోండి. అంటే హైడ్రోజన్ పాక్షిక పీడనం 1 బార్. దాటిన గ్యాస్‌ని నేను 2 బార్ దగ్గర తీసుకోవాలి, ఎందుకంటే వెనక కంప్రెసర్‌కి అంత కావాలి. అవతలి వైపు హైడ్రోజన్ పాక్షిక పీడనం 1 బార్ దాటే ప్రసక్తే లేదు, కాబట్టి దాని శాతం 50 మించదు. సెలెక్టివిటీ అనంతమైనా ఇంతే! అదీ మొదటి బొట్టుకి, గ్యాస్ ముందుకి పోయేకొద్దీ ఇంకా తగ్గుతుంది. కావాలంటే వాక్యూమ్ పెట్టాలి, లేదా స్వీప్ గ్యాస్ (దాటినదాన్ని ఊడ్చుకుపోయే వాయువు), రెండూ ఖర్చే. ల్యాబ్ వాళ్లు అవతల వాతావరణ పీడనం పెట్టుకుని, శుద్ధమైన గ్యాస్ ఒక్కొక్కటే పంపి కొలిచి గ్రాఫు గీస్తే మాకు నవ్వొస్తుంది, ఏమనుకోవద్దు.

లెక్కలపిచ్చి
ఏమీ అనుకోం, నిజమే. మిశ్రమంలో కొలవడం తప్పనిసరి. కార్బన్ డయాక్సైడ్, బరువైన హైడ్రోకార్బన్‌లు రంధ్రపు గోడలకి అతుక్కుని హైడ్రోజన్‌కి దారి లేకుండా చేస్తాయి, విడిగా కొలిస్తే ఇది తెలియదు. రావు, సిర్కార్ అనే పరిశోధకులు 1993లో దీన్నే తిరగేసి వాడుకున్నారు. రంధ్రాలు 5-6 ఆంగ్‌స్ట్రామ్‌లకి పెంచి, హైడ్రోకార్బన్‌లు గోడ వెంట పాకి దాటేలా చేసి, హైడ్రోజన్‌ని అధిక పీడనం వైపే మిగిల్చారు. పాతవాల్వు గారి కంప్రెసర్ గొడవ దాంతో చాలావరకు తప్పుతుంది.

విస్తీర్ణం లెక్క కూడా చేసిపెడతా. హైడ్రోజన్‌కి 100 జీపీయూ (పర్మియెన్స్‌కి వాడే కొలమానం) పర్మియెన్స్, పాక్షిక పీడనాల తేడా 5 బార్ అనుకుంటే చదరపు మీటరుకి గంటకి సుమారు 1.35 ఘనపు మీటర్లు. గంటకి 1000 కావాలంటే 740 చదరపు మీటర్లు. నల్లపొర గారి 10 మి.మీ. గొట్టాలు మీటరు పొడవువి తీసుకుంటే ఒక్కోటి 0.0314 చదరపు మీటర్లు, అంటే ఇరవై మూడు వేలకి పైగా గొట్టాలు.

కొత్తబ్యాచ్
ఇరవై మూడు వేలా?!

మట్టిగొట్టం
అందుకే ఒక్కో దిమ్మెలో పదుల కొద్దీ కాలువలుండే మోనోలిత్‌లు, సన్నటి అల్యూమినా హాలో ఫైబర్లు. ఖర్చులో పెద్ద భాగం కార్బన్ కాదు, సపోర్ట్. రెసిన్ మహా అయితే గొట్టానికి ఒక చెంచా. ఇంకో దారి పర్మియెన్స్ పెంచడం, పొర 3 మైక్రాన్ల నుంచి 1కి దించితే మూడు రెట్లు, అందుకే కింది నేల నునుపు గురించి నేను అంతగా ప్రాణం తీస్తున్నా. నున్నటి నేల ఉన్నప్పుడే పలచటి పొర నిలుస్తుంది.

పాతవాల్వు
వేల గొట్టాలు చూసి భయపడక్కర్లేదు, వేల గొట్టాలున్న హీట్ ఎక్స్‌చేంజర్లు మాకు మామూలే. అయినా కార్బన్ మీద నాకు ఆసక్తి ఎందుకంటే హైడ్రోజన్ సల్ఫైడ్, తారు ఉన్న గ్యాస్‌లో పల్లేడియం లోహపు మెంబ్రేన్ విషమెక్కి కూర్చుంటుంది, పాలిమర్ ఉబ్బిపోతుంది. అల్యూమినా గొట్టాల మీద కార్బన్ పొరలతో కట్టిన బండిల్స్‌ని అమెరికాలో విల్సన్‌విల్‌లోని కార్బన్ క్యాప్చర్ కేంద్రంలో నిజమైన బొగ్గు గ్యాస్ మీద పరీక్షించారు. సిలిండర్ గ్యాస్ మీద వచ్చిన వంద గ్రాఫుల కంటే నాకు అది విలువైనది.

నల్లపొర
మూడు వారాల తర్వాత వస్తున్నా. ఖాళీ గొట్టాలు పన్నెండు పరీక్షిస్తే ఐదింటికి 1 బార్ లోపే బుడగలు. అవి పక్కన పెట్టా. మిగతా వాటిలో మూడింటికి గామా అల్యూమినా, ఫిల్టర్ చేసిన ద్రావణం, గాజు గొట్టం కింద ఆరబెట్టడం, నిమిషానికి 1 డిగ్రీ, రెండు పూతలు, 650 డిగ్రీలే. ఉష్ణోగ్రత అసలు మార్చలేదు.

హైడ్రోజన్/నైట్రోజన్: 62, 48, 9. కార్బన్ డయాక్సైడ్/నైట్రోజన్ మొదటిదానికి 11. నైట్రోజన్ పర్మియెన్స్ 1 నుంచి 3 బార్ దాకా కదల్లేదు. సోప్ బబుల్ మీటర్‌లో (సబ్బు బుడగ కదలికతో గ్యాస్ ప్రవాహం కొలిచే గాజు గొట్టం) నైట్రోజన్ బుడగ ఒక గీత నుంచి ఇంకో గీతకి పోవడానికి నలభై నిమిషాలు పట్టింది, నేను మీటరు చెడిపోయిందనుకుని గొట్టం ఊడదీయబోయా. 9 వచ్చిన దానికి గ్లేజ్ అంచు నేను సరిగ్గా దిద్దలేదు, చూస్తే అక్కడే వెంట్రుకంత గీత.

అయితే కొత్త చిక్కు. 62 వచ్చిన గొట్టాన్ని బల్లమీద వదిలేశా, పది రోజులకి హైడ్రోజన్ పర్మియెన్స్ మూడో వంతు పడిపోయింది. సెలెక్టివిటీ కాస్త పెరిగింది కూడా.

కొలిమిపక్కన
బల్లమీద ఎందుకు వదిలారండీ! కార్బన్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది, మెల్లగా ఆక్సిజన్‌ని కూడా పట్టుకుని రసాయనికంగా కట్టేసుకుంటుంది. నైట్రోజన్ పారిస్తూ 200 డిగ్రీల్లో రాత్రంతా ఉంచితే తేమ వెళ్లిపోతుంది, పోయినదాంట్లో కొంత తిరిగి వస్తుంది. ఆక్సిజన్ కట్టేసుకున్నది అంత తేలిగ్గా వదలదు. ఇవి కాక రంధ్రాలు తమంతట తామే కొద్దిగా సర్దుకుని బిగుసుకోవడం ఉంది, దానికి మందు లేదు. కొత్త పొరల అంకెలు చూసి ప్లాంటు డిజైన్ చేయకండి, రెండు మూడు నెలలు ముసలిదైన పొర అంకె తీసుకోండి. తీసిన వెంటనే నైట్రోజన్ నింపిన డబ్బాలో పెట్టండి.

పాతవాల్వు
62 అంటే నాకు చాలు, నిజంగా. ఇక స్టీలు హౌసింగ్‌లో బిగించి 250 డిగ్రీల్లో చూపించండి. జాగ్రత్త, స్టీలు అల్యూమినా కంటే రెట్టింపు వ్యాకోచిస్తుంది. మీటరు గొట్టానికి ఆ వేడిలో 2 మి.మీ. తేడా వస్తుంది. రెండు చివర్లూ బిగిస్తే మొదటిసారి వేడెక్కినప్పుడే టప్‌మంటుంది. ఒక చివర మూసేసి వదులుగా వేలాడనివ్వండి, రెండో చివర ఒక్కటే గ్రాఫైట్ ఫెర్రూల్‌తో (గొట్టం చుట్టూ బిగుసుకునే రింగు) పట్టించండి, అదీ స్పానర్‌తో బలం చూపించకుండా.

నల్లపొర
మీ మాట రెండు రోజులు ముందొచ్చి ఉంటే బాగుండేది. 48 వచ్చిన గొట్టాన్ని నిన్ననే రెండు చివర్లా బిగించా. వేడెక్కక ముందే, స్పానర్ రెండో తిప్పుకే, ఫెర్రూల్ దగ్గర గాజు గ్లాసు పగిలిన చప్పుడు. ఇక మిగిలింది 62 ఒక్కటే. ఇప్పుడది నైట్రోజన్‌లో 200 డిగ్రీల దగ్గర ఉంది. పొద్దున చల్లారాక ముందు బుడగల పరీక్ష, ఆ తర్వాతే హౌసింగ్. ఈసారి ఒక్క చివరే.

మట్టిగొట్టం
దాన్ని ఆల్కహాల్‌లో ముంచకండి! మంచి పొర రంధ్రాల్లో ఆల్కహాల్ చేరితే వదిలించడం మళ్లీ ఒక పని. ఖాళీ గొట్టాలకే ఆ పరీక్ష. దీనికి నైట్రోజన్ పర్మియెన్స్ కొలిచి ముందటి అంకెతో పోల్చుకోండి, చాలు.

నల్లపొర
సరే, ఆల్కహాల్ డబ్బా మూత తీసే ఉంచా, మళ్లీ పెట్టేస్తున్నా. పొద్దున నైట్రోజన్ అంకె ఇక్కడే పెడతా.